వెండితెర పిలవని తారలకు బ్రాడ్‌వే పిలుపు

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లలో ఏళ్ల తరబడి ఆడే మ్యూజికల్‌ను, అంటే పాటలూ డాన్సులతో సాగే నాటకాన్ని, ఎప్పుడో ఒకప్పుడు మొదటి హీరోయిన్ వదిలి వెళ్తుంది. చూడాలనుకున్న ఊరివాళ్లు అప్పటికే చూసేసి ఉంటారు. ఆర్కెస్ట్రా జీతాలు మాత్రం వారం వారం ఇవ్వాల్సిందే. అప్పుడు నిర్మాతకు టూరిస్టులకు కూడా తెలిసిన పేరు ఒకటి కావాలి. సినిమా తార అయితే ఆ పేరు రెడీగా ఉంటుంది.

ఈ లెక్క బాగా తెలిసిన నిర్మాత డేవిడ్ మెరిక్. ఆయన నిర్మించిన మ్యూజికల్ ‘హలో, డాలీ!’ 1964 జనవరిలో న్యూయార్క్ సెయింట్ జేమ్స్ థియేటర్లో కరోల్ చానింగ్‌తో మొదలైంది. ఆమె వెళ్లాక 1965లో జింజర్ రోజర్స్‌ను తెచ్చాడు. 1930ల్లో ఫ్రెడ్ అస్టేర్‌తో తెరపై డాన్స్ చేసిన ఆవిడకు అప్పటికి 54 ఏళ్లు. తర్వాత మార్తా రే, బెట్టీ గ్రేబుల్ వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సైనికులు గోడలకు అంటించుకున్న ఫొటో ఈ గ్రేబుల్‌దే. 1955 తర్వాత ఆమెకు సినిమా లేదు. 1967లో మెరిక్ నటీనటులందర్నీ మార్చి, పెర్ల్ బెయిలీతో పూర్తి నల్లజాతి బృందాన్ని దించాడు. 1970 డిసెంబర్లో దించేసేనాటికి 2,844 ప్రదర్శనలు అయ్యాయి.

దీన్ని కేవలం పబ్లిసిటీ స్టంట్ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. నలభై దాటిన నటికి హాలీవుడ్ అమ్మ వేషాలే ఇస్తున్న రోజుల్లో, మూడు గంటల ఆటను భుజాన మోసే పాత్ర దొరికింది ఇక్కడే. అదీ వారానికి ఎనిమిది ఆటలు, రీటేకులు లేవు. ఆన్ బాక్స్‌టర్‌నే చూడండి. 1950 నాటి ‘ఆల్ అబౌట్ ఈవ్’ సినిమాలో పెద్ద నటి చోటు కొట్టేయాలని చూసే కుర్ర ఈవ్ ఆమే. ఆ కథే ‘అప్లాజ్’ అనే మ్యూజికల్ అయింది. 1971లో లారెన్ బకాల్ తప్పుకున్నాక, ఆ పెద్ద నటి పాత్ర బాక్స్‌టర్ వేసింది.

అందరికీ ఇలా కలిసిరాలేదు. 1994లో లాస్ ఏంజెలెస్‌లో ఆడుతున్న ‘సన్‌సెట్ బూలెవార్డ్’ మ్యూజికల్‌లో గ్లెన్ క్లోజ్ స్థానంలో సినిమా తార ఫే డనవేను తీసుకున్నారు. జనం మరచిపోయిన మూకీ తార కథ అది. రిహార్సల్స్ నడుస్తుండగానే, పాటలకు ఆమె గొంతు చాలదంటూ దాని సంగీతకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్ ఏకంగా ఆటనే ఆపేశాడు. డనవే కోర్టుకెక్కింది, చివరికి రాజీ కుదిరింది. గొంతు సరిపోతుందో లేదో ఒప్పందానికి ముందే తేల్చుకోవాల్సింది. లోకం ముందు ఆమెను అలా నిలబెట్టడం అన్యాయం.

1996లో బ్రాడ్‌వేలో మళ్లీ మొదలైన ‘షికాగో’ మ్యూజికల్ ఈ పద్ధతిని రివాజుగా మార్చేసింది. అందులో హీరోయిన్ రాక్సీ పాత్రలోకి 2003లో మెలనీ గ్రిఫిత్, 2022లో ఎనిమిది వారాల కోసం పమేలా ఆండర్సన్ వచ్చారు. అదే పాత్ర మొత్తం నేర్చుకుని పక్కన ఎదురుచూసే అండర్‌స్టడీలు కూడా ఉంటారు. చిన్నప్పటి నుంచి స్టేజీనే నమ్ముకున్నవాళ్లు, వాళ్ల బాధ నిజమైనదే. కానీ నిలదీయాల్సింది వచ్చిన తారను కాదు, పోస్టర్ మీద ఎవరి పేరుండాలో తేల్చే నిర్మాతను.