రెండు మూలమట్టాల మధ్య దాగిన 15 డిగ్రీలు

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో సంయుక్త కోణాల (రెండు కోణాలను కలిపితే, తీసివేస్తే వచ్చే కోణాల) పాఠం రాగానే మీలో చాలామంది సూత్రాలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. కాగితం మీద గీస్తే కంటికి కనిపించే సూత్రమది, బట్టీ పట్టాల్సిన పని లేదు.

మీ జామెట్రీ బాక్సులో రెండు మూలమట్టాలు ఉంటాయి. ఒకదానికి 45 డిగ్రీల కోణం ఉంది, రెండోదానికి 30, 60 డిగ్రీల కోణాలున్నాయి. 45, 30 కోణాలను పక్కపక్కన పెడితే 75 డిగ్రీలు. ఒకదాని మీద ఒకటి పెడితే మిగిలేది 15. కోణాలు ఇంత తేలిగ్గా కలుస్తున్నాయి కదా అని సైన్ విలువలను కూడా అలాగే కలిపేయకండి. (1 యూనిట్ పొడవు గీత ఒక కోణంలో పైకి లేస్తే వచ్చే ఎత్తు సైన్, అడ్డంగా సాగే దూరం కాస్.) సైన్ 60, సైన్ 30 కలిపితే 1.366 వస్తుంది. 60, 30 కలిస్తే 90 డిగ్రీలు, సైన్ 90 విలువ 1. అసలు ఏ కోణపు సైనూ 1 దాటదు.

మరి ఎలా కలపాలి? ఒక అడ్డగీత గీయండి. దాని ఎడమ కొన నుంచి 45 డిగ్రీల ఏటవాలు గీత గీయండి. ఆ ఏటవాలు గీతకు పైన మరో 30 డిగ్రీల కోణంలో, సరిగ్గా 1 యూనిట్ పొడవుతో ఇంకో గీత గీయండి. దాని చివర అడ్డగీతకు ఎంత ఎత్తున ఉందో అదే సైన్ 75. ఆ చివరకు రెండు అంగల్లో చేరవచ్చు. ముందు ఏటవాలు గీత వెంట కాస్ 30 దూరం వెళ్లాలి. అప్పుడు పెరిగిన ఎత్తు సైన్ 45 × కాస్ 30. అక్కడ లంబంగా ఎడమకు తిరిగి సైన్ 30 దూరం వెళ్లాలి. ఏటవాలు గీత అడ్డగీతతో ఎంత కోణం చేస్తుందో, ఈ కొత్త గీత నిలువుతో అంతే కోణం చేస్తుంది. అందుకే ఈసారి పెరిగే ఎత్తు కాస్ 45 × సైన్ 30. రెండు ఎత్తులూ కలిపితే:

సైన్ 75 = (1/√2)(√3/2) + (1/√2)(1/2) = (√6 + √2)/4

మధ్యలో కూడిక గుర్తు బదులు తీసివేత పెడితే సైన్ 15 వస్తుంది, (√6 − √2)/4. కాస్ సూత్రంలో గుర్తు తారుమారవుతుంది. లఘుకోణం పెరిగేకొద్దీ కాస్ తగ్గుతుంది కాబట్టి కోణాల మొత్తానికి తీసివేతే రావాలి.

భాస్కరాచార్యుడు 1150 నాటికే సైన్ కూడిక, తీసివేత పద్ధతులు రెండింటినీ సమాస భావన, అంతర భావన అనే పేర్లతో చెప్పాడు.

కాలిక్యులేటర్ ఉండగా ఈ కరణులు, అంటే √2, √3 లాంటి వర్గమూలాలు, ఎందుకని అడుగుతారేమో. సైన్‌ను కాస్‌తో భాగిస్తే వచ్చేది టాన్. టాన్ 15 విలువ 2 − √3, టాన్ 75 విలువ 2 + √3. రెండింటినీ గుణిస్తే 4 − 3, అంటే సరిగ్గా 1. దశాంశాలతో 0.268ని 3.732తో గుణిస్తే 1.000176 వస్తుంది. అసలు విలువ 1 అని దాన్ని చూసి ఎవరు చెప్పగలరు? ఆ అందం కరణుల్లోనే కనిపిస్తుంది.

మన ఊళ్లోనే దీన్ని కొలిచి చూడవచ్చు. మార్చి 29 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటలకు శ్రీకాకుళంలో సూర్యుడు దాదాపు 75 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. డాబా మీద మీటరు కర్రను నిటారుగా నిలబెట్టండి. ఆ నీడ 1 ÷ టాన్ 75, అంటే టాన్ 15. కాబట్టి అది 2 − √3 మీటర్లు, అంటే సుమారు 27 సెంటీమీటర్లు ఉండాలి. కర్ర ఏ మాత్రం ఒరిగినా కొలత తప్పుతుంది, దారానికి బరువు కట్టి నిలువు సరిచూసుకోండి.

సైన్ 18 విలువ (√5 − 1)/4. పద్దెనిమిదిలోంచి పదిహేను పోతే మూడు కాబట్టి సైన్ 3 కూడా మీకు అందుతుంది. కాస్ 18 దగ్గర వర్గమూలం లోపల మరో వర్గమూలం వస్తుంది, బెదరకండి. మెట్లేవీ వదలకుండా చేసి, ఆ కాగితం నాకు పంపండి.

మీ తాతయ్య