తుపాను బొమ్మలో మన ఊరు ఎక్కడుంది?

అక్టోబర్, నవంబర్ నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే చాలు, శ్రీకాకుళం జిల్లాలో ఫోన్లన్నీ పటాలతో నిండిపోతాయి. సముద్రం మీద ఒక గీత, దాని చివర తీరం. అందరి చూపూ ఆ గీత తీరాన్ని ఎక్కడ తాకిందో అక్కడికే పోతుంది. "కళింగపట్నం దగ్గర దాటుతుందట, మనకేం పర్లేదు" అని సోంపేటలో అనుకుంటారు. ఈ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ పటం సోంపేటకు చెబుతున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ముందు గీత సంగతి. అది తుపాను కేంద్రం వెళ్లే దారి మీద ఒక అంచనా, అంతే. దాని చుట్టూ గరాటులా వెడల్పయ్యే రంగు భాగాన్ని చూసి తుపాను అంత పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. పెరిగేది తుపాను కాదు, మన అంచనాలో తప్పు జరిగే అవకాశం. గత కొన్నేళ్ల అంచనాలు ఎంత దూరం తప్పాయో లెక్కగట్టి, ఆ కొలతతో ఒక్కో సమయానికి ఒక్కో వృత్తం గీసి, అన్నిటినీ కలిపితే ఆ ఆకారం వస్తుంది. భారత వాతావరణ శాఖ ఒక రోజు ముందు చెప్పే చోటు సగటున 70, 80 కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. పాతికేళ్ల కిందటితో పోలిస్తే ఇది గొప్ప మెరుగుదల. కానీ మన పటం మీద కొలిచి చూడండి: కళింగపట్నం నుంచి సోంపేటకు ఉన్న దూరమే దాదాపు 80 కిలోమీటర్లు.

అమెరికాలో ఈ పాఠం 2004లో గట్టిగా తగిలింది. ఆగస్టులో వచ్చిన చార్లీ హరికేన్ గీత ఫ్లోరిడాలోని టాంపా నగరం వైపు చూపించింది. అందరూ టాంపా గురించే ఆలోచించారు. తుపాను చివర్లో కుడికి తిరిగి, దక్షిణాన ఉన్న పుంటా గోర్డా మీద పడింది. ఆ ఊరు మొదటినుంచీ గరాటులోనే ఉంది. గీత మీద లేదు కాబట్టి చాలామంది పట్టించుకోలేదు. పైగా అమెరికా వాళ్లు ఆ గరాటు గీసేదే మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం లోపల ఉండేలా. అంటే మిగతా ఒక వంతు సార్లు బయటికి పోవచ్చని పటమే ఒప్పుకుంటోంది.

గీత చెప్పని ఇంకో సంగతి మన తీరానికి మరీ ముఖ్యం. తుపానుకు రెండు వైపులూ ఒకటి కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తూర్పు నుంచి తీరానికి వచ్చే తుపానుకు కుడివైపంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది, తుపాను కదిలే వేగం కూడా దానికి తోడవుతుంది. ఉప్పెన ముప్పు ఎక్కువ అటువైపే. కళింగపట్నంలో తీరం దాటితే వజ్రపుకొత్తూరు, సోంపేట కుడివైపున పడతాయి. విజయనగరం జిల్లాలోని పూసపాటిరేగ, భోగాపురం ఎడమవైపున పడతాయి. అక్కడ గాలి ఎక్కువగా నేల మీంచి సముద్రంలోకి పోతుంది.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. 5వ నంబరంటే రేవు తుపాను దారికి ఎడమవైపు ఉంటుందని, 6 అంటే కుడివైపు ఉంటుందని, 7 అంటే తుపాను రేవు మీదుగానో పక్కనుంచో పోతుందని. 8, 9, 10 కూడా ఇదే వరుస, తీవ్ర తుపానుకు. పగలు శంకువు, పీపా ఆకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. చదువుతో పని లేకుండా పడవలో ఉన్నవాడికి అర్థమయ్యే బొమ్మలవి. ఇప్పుడు టీవీలో "నంబరు పెరిగింది" అని మాత్రమే వింటున్నాం. కుడి, ఎడమల సంగతి ఎవరూ చెప్పడం లేదు.

వర్షం మాటకొస్తే గీతకు అసలు సంబంధమే లేదనుకోవచ్చు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల్ని పడగొట్టింది. వంశధారకు వరద వచ్చింది. తీరానికి దూరంగా, ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. అందుకే దారి పటం పక్కనే వాన పటం, నది పటం కూడా ఉండాలి. జిల్లాల వారీగా వాతావరణ శాఖ ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఆ పని కొంత చేస్తాయి. ఎరుపంటే ఇక కదలాల్సిందేనని.

ఇక వీడియోలు. ఉపగ్రహం తీసిన మేఘాల కదలికలో ఎర్రగా మెరిసేది చాలాసార్లు మేఘం పైభాగపు చల్లదనం, కింద పడే వాన కొలత కాదు. విండీ లాంటి వాతావరణ యాప్‌లో సుడులు తిరిగే గాలి కంప్యూటర్ లెక్క. రేపటి గాలిని ఎవరూ ఫొటో తీయలేరు కదా! అందంగా కదిలే బొమ్మకు నమ్మకం ఎక్కువ పుడుతుంది, అక్కడే జాగ్రత్త కావాలి. మంచి వీడియో ఎలా ఉంటుందో కూడా 2018లోనే చూశాం. అమెరికాలో ఫ్లోరెన్స్ హరికేన్ ముందు ద వెదర్ ఛానల్ స్టూడియోలోనే గ్రాఫిక్స్‌తో నీళ్లు పెంచి చూపింది. నీళ్లు 3 అడుగులు, 6 అడుగులు, 9 అడుగులు లేచేసరికి మనిషి మునిగిపోయాడు, కార్లు తేలాయి. "ఉప్పెన 9 అడుగులు" అన్న మాట ఎవరికీ అలా తగలదు.

మన తీరానికి నేను కోరేది అలాంటి స్టూడియో హంగు కాదు. గాలి వేగం ఓడల లెక్కైన నాట్‌లలో కాక కిలోమీటర్లలో, టైము మన గడియారంలో, మండలం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన నిమిషం వీడియో చాలు. గాలి మా ఊరికి ఎన్నింటికి ముదురుతుంది, నీళ్లు ఎంత ఎత్తు రావచ్చు, రోడ్డు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది అన్నవి గొంతుతో చెప్పాలి. ఫైలు చిన్నదిగా ఉండాలి, సిగ్నల్ సరిగా అందని పల్లెలో కూడా తెరుచుకునేలా. తుపాను దాటడానికి ఒక పగలు ముందే అందాలి, ఎందుకంటే తిత్లీ తర్వాత ఉద్దానంలో కరెంటూ లేదు, ఫోన్లూ మోగలేదు. ఆ రాత్రికి పనికొచ్చేవి బ్యాటరీ రేడియో, పంచాయతీ మైకు, ఇంటింటికీ వెళ్లి చెప్పే వాలంటీర్లు. వాళ్ల చేతికి కూడా అదే బొమ్మను కాగితం మీద అచ్చువేసి ఇవ్వొచ్చు.