మోకాలు రోడ్డుకు ఆనించడం ఏ బండికి అవసరం?

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు గమనించండి. డ్యూక్ మీద పోయే పిల్లగాడు, బుల్లెట్ మీద పోయే పెద్దమనిషి, స్ప్లెండర్ మీద పోయే పాలాయన ఒకే మలుపును మూడు రకాలుగా తిప్పుతారు. ముగ్గురిదీ కరెక్టే కావచ్చు.

ఎందుకంటే లెక్క అందరికీ ఒకటే. ఎంత వాలాలన్నది వేగాన్ని బట్టి, మలుపు ఎంత ఇరుకన్నదాన్ని బట్టి ఉంటుంది, బండి బరువుతో పని లేదు. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 60 కిలోమీటర్ల వేగంతో పోతే సుమారు 30 డిగ్రీలు వాలాలి, అదే 80తో పోతే 45 డిగ్రీలు. ఇక్కడ వేగం వర్గంగా, అంటే వేగాన్ని వేగంతోనే గుణించినట్టు పనిచేస్తుంది కాబట్టి, 'కొంచెమే కదా పెంచింది' అనుకున్నవాళ్లు తుప్పల్లో తేలుతుంటారు.

తేడా టైరు దగ్గర మొదలవుతుంది. స్ప్లెండర్ వెనక టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, డ్యూక్ 200ది 150. వెడల్పు టైరు వాలినప్పుడు రోడ్డును తాకే చోటు మలుపు లోపలి వైపుకు జరుగుతుంది, అందుకని అదే మలుపుకు, అదే వేగానికి లావు టైరు బండిని ఇంకాస్త ఎక్కువ పడుకోబెట్టాలి. లావు టైరు వేయిస్తే మలుపుల్లో అంతా సులువైపోతుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, అది సగమే నిజం.

ఇప్పుడు మోకాలి సంగతి. రేసర్ సీటు మీంచి లోపలి వైపుకు జారి వేలాడితే, మనిషీ బండీ కలిసిన బరువు కేంద్రం లోపలికి పోతుంది, దాంతో బండి ఒక్కటే వాలాల్సిన కోణం కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, టైరు అంచు మిగులుతుంది, ఫుట్‌రెస్ట్ గీసుకోదు. మోకాలు ఎంత వాలామో చెప్పే కొలబద్ద మాత్రమే. 1978లో 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయిన కెన్నీ రాబర్ట్స్ కాలంలో ఇది బాగా పాకింది. ఇప్పటి మోటోజీపీలో, అంటే బైకుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెద్ద రేసుల్లో, బండ్లు 60 డిగ్రీలు దాటి వాలతాయి కాబట్టి మోచెయ్యి కూడా ఆనుతుంది. మీ బండి వెనక టైరు అంచు చూడండి, అరగకుండా కొత్తగా మెరిసే పట్టీ వేలెడు వెడల్పు ఉంటే, వేలాడి మీరు మిగుల్చుకునేది ఏమీ లేదు, ఫొటో తప్ప. బుల్లెట్ కథ వేరు, దానికి ఫుట్‌రెస్ట్ ముందే గీసుకుంటుంది, కాబట్టి బ్రేకు పని మలుపుకు ముందే ముగించి నెమ్మదిగా దిగడమే మేలు.

రేసు బండ్లలోనూ పద్ధతి ఒకటి కాదు. అదే ఛాంపియన్‌షిప్‌లో చిన్న బండ్ల తరగతి అయిన మోటో3లో ఉండేది 250 సీసీ ఒంటి సిలిండర్ బండి, పోయిన వేగం మళ్లీ త్వరగా రాదు, అందుకే పెద్ద వంపు తీసుకుని వేగం కాపాడుకుంటారు. 1000 సీసీ బండైతే చివరిదాకా బ్రేకు పట్టి, చటుక్కున తిప్పి, వెంటనే బండిని లేపి రేజ్ ఇస్తారు, దానికి లాభం అక్కడే ఉంది.

మట్టి మీద తిరిగే బండ్లది దీనికి పూర్తిగా ఉల్టా: బండిని కిందికి నొక్కి, మనిషి మాత్రం నిటారుగా ఉంటాడు, లోపలి కాలు చాపుతాడు. టైరు జారినా ఒళ్లు దాని మీదే ఉంటుంది కాబట్టి సర్దుకోవచ్చు. కోతల కాలంలో మన ఊళ్ల రోడ్ల మీద అంచుకు రాళ్లు పెట్టి వడ్లు, మక్కలు ఆరబోస్తారు కదా, అక్కడ గింజలు టైరు కింద దొర్లి రబ్బరుకు రోడ్డు అందనివ్వవు. అలాంటి చోట మోకాలి కంటే ఈ మట్టి పద్ధతే నయం, అదీ బండిని ముందే నెమ్మది చేసుకున్నాకే.