బడి వంటగదిలో కులం: 2004 ఉత్తర్వు ఎక్కడ ఆగిపోయింది?

తమిళనాడులోని తిరుప్పూరు ప్రత్యేక కోర్టు 2025 నవంబరులో ఆరుగురికి రెండేళ్ల చొప్పున జైలు శిక్ష వేసింది. దళిత మహిళ బడిలో వంట చేయకూడదని అడ్డుపడినందుకు ఈ శిక్ష. ఘటన జరిగింది 2018 జులైలో, తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది. 2025 జూన్‌లోనే కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లా హొమ్మ గ్రామం వార్తల్లోకెక్కింది. అక్కడి ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో దళిత మహిళను వంటకు పెట్టాక, 22 మంది పిల్లల్లో ఒక్కరే మిగిలారని, మిగతావాళ్లు టీసీలు తీసుకున్నారని ఆ వార్తలు చెప్పాయి. అధికారులు వెళ్లి అడిగితే, చదువు సరిగా చెప్పడం లేదు కాబట్టే పిల్లల్ని మార్చామన్నారు తల్లిదండ్రులు. దాంతో పాత వాదన మళ్లీ మొదలైంది. ఊళ్లో గొడవలెందుకు, వంటంతా ఒకేచోట చేయించి వ్యాన్లలో బడులకు పంపిస్తే పోదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

మధ్యాహ్న భోజనం ఎలా మొదలైందో చాలామందికి తెలిసిందే. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలన్నింటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2003 జనవరిలో మొదలైంది. ఇప్పటి గొడవకు మాత్రం మూలం అక్కడ లేదు. 2004 ఏప్రిల్ 20న అదే కేసులో వచ్చిన ఇంకో ఉత్తర్వులో ఉంది. వంటవాళ్లను, సహాయకులను తీసుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు అందులో చెప్పింది.

ఆ ఒక్క వాక్యం చేయదలచిన పని చాలా పెద్దది. పేద మహిళకు నాలుగు డబ్బులొచ్చే పని దొరకడం అందులో ఒక భాగమే. ఊరి పిల్లలు, వాడ పిల్లలు రోజూ ఒకే బంతిలో కూర్చుని, వాడ నుంచి వచ్చిన అమ్మ వండిన అన్నం తింటూ పెరగాలి. పాఠ్యపుస్తకం మొదటి పేజీలో అచ్చేసే ప్రతిజ్ఞ కంటే ఇది బలంగా పనిచేస్తుందని నా నమ్మకం. కానీ ఉత్తర్వులో ప్రాధాన్యం అన్నారే గానీ ఎంత శాతమో చెప్పలేదు. పాటించని రాష్ట్రాన్ని ఎవరు నిలదీయాలో చెప్పలేదు. దాంతో చాలాచోట్ల అధికారులు దాన్ని సలహా కిందే లెక్కగట్టారు.

దాన్ని కచ్చితం చేయాలని చూసిన రాష్ట్రం ఉత్తరప్రదేశ్. 2010లో మాయావతి ప్రభుత్వం వంట పనుల్లో ఎస్సీలకు రిజర్వేషన్ పెట్టింది. కన్నౌజ్‌తో పాటు పలు జిల్లాల్లో అగ్రవర్ణ తల్లిదండ్రులు రోడ్డెక్కారు, పిల్లల్ని బడి మాన్పించారు. కొన్ని నెలలకే ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అసలు మలుపు ఇదే. దళిత మహిళ ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రమే వెనక్కి తగ్గాక, కింద ఉన్న హెడ్‌మాస్టర్, ఎంఈఓ ఏ ధైర్యంతో నిలబడతారు? నాలుగు రోజులు పిల్లలు కంచాలు పట్టకపోతే నియామకం రద్దవుతుందని అడ్డుకునేవాళ్లకు అప్పుడే అర్థమైపోయింది.

తర్వాత జరిగినవన్నీ అదే దారిలో నడిచాయి. 2018లో తిరుప్పూరు జిల్లా అవినాశి దగ్గర తిరుమలైగౌండన్‌పాళయం ప్రభుత్వ పాఠశాలకు వచ్చిన వంటమనిషిని పని మొదలెట్టీ మొదలెట్టకముందే స్థానికులు అడ్డుకున్నారు. గొడవ చేసినవాళ్లను పంపించేయాల్సిన అధికారులు ఆమెనే వేరే బడికి బదిలీ చేశారు. దళిత, వామపక్ష సంఘాలు ఆందోళనకు దిగాకే ఆ బదిలీ రద్దయింది, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది.

2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ ప్రభుత్వ ఇంటర్ కాలేజీలోనూ అంతే. కొత్తగా వచ్చిన దళిత వంటమనిషి చేసిన భోజనం తినకుండా అగ్రవర్ణ పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలెట్టారు. నియామకంలో పద్ధతి పాటించలేదంటూ అధికారులు ఆమెను తీసేశారు. తమ వర్గం మనిషిని పక్కన పెట్టి ఈమెను తీసుకున్నారన్నది తల్లిదండ్రుల వాదన. అయితే పిల్లలు అన్నం మానేశాకే ఆ పద్ధతి అధికారులకు గుర్తొచ్చింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఊహించనిది. ఆమె స్థానంలో అగ్రవర్ణ మహిళ వంట చేస్తే, 23 మంది దళిత పిల్లలు మేమూ తినం అన్నారు. వాళ్లకు ఎవరూ ఉపన్యాసాలు ఇచ్చి నేర్పింది కాదు. కొద్దిరోజుల్లోనే పాత వంటమనిషిని మళ్లీ పనిలోకి తీసుకోవాల్సి వచ్చింది.

తెలుగు నేల కథ కొంచెం వేరు. 2003లో సుఖదేవ్ థోరట్, జోయల్ లీ చేసిన అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన గ్రామాల్లో దాదాపు సగంచోట్ల దళిత వంటవాళ్లు కనిపించారు. రాజస్థాన్‌లో అది నూటికి 8 గ్రామాలే. భోజనం దగ్గర కుల వివక్ష ఉందని చెప్పిన గ్రామాలు మన దగ్గర పావు వంతు ఉంటే, రాజస్థాన్‌లో సగం దాటాయి. మన దగ్గర వంట ఏజెన్సీ డ్వాక్రా సంఘాలకు ఇచ్చారు. వాడలోని సంఘానికి పని దక్కిన చోట వంటమనిషి ఒక్కతే ఒంటరిగా ఊరికి ఎదురు నిలబడాల్సిన అవసరం లేకపోయింది, వెనకాల సంఘం ఉంది. మనవాళ్లు మంచివాళ్లు కాబట్టి గొడవ తక్కువ అనుకోవడం కంటే, పని ఇచ్చిన తీరు వల్ల తక్కువ అనుకోవడమే సరైంది. పావు వంతు గ్రామాల్లో వివక్ష ఉందంటే అదేమీ చిన్న విషయం కాదు కూడా.

ఆ ఏర్పాటూ తర్వాత బలహీనపడింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఊళ్లో ఏజెన్సీ మార్చేయడం మామూలైపోయింది. మా పార్టీ కాదు అన్న మాట చాటున మా కులం కాదు అన్నది దాక్కోవడానికి వీలు చిక్కింది. జీతం సంగతి సరేసరి. 2009లో కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే అని పెట్టిన గౌరవ వేతనం ఇన్నేళ్లూ పెరగలేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత డబ్బు కలిపి 3,000కు తెచ్చాయి. సరుకుల బిల్లులు నెలల తరబడి రాక కిరాణా కొట్లో అప్పుచేసి వండే ఆడవాళ్లు, కులం పేరుతో అవమానం జరిగితే కోర్టు మెట్లెక్కగలరా?

ఇంకో చిక్కు నిబంధనలోనే ఉంది. 25 మంది దాకా పిల్లలుంటే ఒకే వంటమనిషి. 26 నుంచి 100 మంది దాకా అయితే ఇద్దరు. అంటే చిన్న బళ్లకు దక్కేది ఒక్క పోస్టే. రెండు కులాల వాళ్లు పక్కపక్కన పొయ్యి దగ్గర నిలబడే వీలే లేదు. ఆ పోస్టు ఎవరిదన్నది ఊరి పంతంగా మారిపోతుంది.

ఇక కేంద్రీకృత వంటశాలల సంగతి. అక్షయపాత్ర లాంటి సంస్థల వంటశాలలు ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. వేలమందికి ఒకేచోట శుభ్రంగా వండొచ్చన్నది నిజమే. మధ్యాహ్న భోజన కార్మికుల సంఘాలు మాత్రం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. మా పని పోతుందన్నది వాళ్ల భయం, అది న్యాయమైన భయమే. కులం గొడవకు దీన్నే పరిష్కారంగా చూపించడం ఇంకా ప్రమాదకరం. ఎవరు వండారో తెలియని అన్నం తిన్నంత మాత్రాన, తెలిసిన మనిషి చేతి అన్నం తినడం పిల్లలకు అలవాటు కాదు. అడ్డుపడినవాళ్లు కోరుకున్నది వాళ్లకు దక్కుతుంది, వంటమనిషి ఇంటికి పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు ఉంది. కోనసీమలోని లంకల గన్నవరంలో ఇంటికొచ్చిన ఎవరికైనా కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆ పేరున్న పథకంలో వంట ఎవరికిచ్చారు, అందులో ఎస్సీ, ఎస్టీ మహిళలు ఎంతమంది, ఎవరినైనా మధ్యలో తీసేస్తే కారణమేంటి అన్నది మండలాలవారీగా బయటపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. బహిష్కరణ జరిగితే వంటమనిషిని బదిలీ చేయకూడదని ఎంఈఓలకు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, 2004 ఉత్తర్వు అమలు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.