సిమార్డ్ నాటిన మూడో మొక్క

చెట్లు మాట్లాడుకుంటాయి, తల్లి చెట్టు పిల్ల చెట్లకి తిండి పంపిస్తుంది అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు, వాటిలో చాలావాటికి మూలం కెనడా అటవీ శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ చేసిన పని. నాకు ఆ పనంటే చాలా ఇష్టం, కానీ ఆ వీడియోల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మొక్క ఉంది, దాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నా.

ఆవిడ పుట్టింది 1960లో, బ్రిటిష్ కొలంబియాలో, గుర్రాలతో దుంగలు లాగించి బతికిన కుటుంబం. కుర్రతనంలోనే కలప కంపెనీలో పనికి కుదిరారు. అప్పుడక్కడి పద్ధతి ఏంటంటే పాత అడవి మొత్తం కొట్టేసి డబ్బులొచ్చే డగ్లస్ ఫిర్ లాంటివి వరసగా నాటడం, మధ్యలో వాటంతటవే మొలిచే బర్చ్ చెట్లని కలుపు కింద లెక్కేసి నరికేయడమో గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టడమో. బర్చ్ పోతే ఎండా నీళ్ళూ అన్నీ ఫిర్‌కే కదా అనుకున్నారు. తీరా చూస్తే బర్చ్ తీసేసిన చోట ఆర్మిల్లేరియా అనే వేరు కుళ్ళు ఫంగస్ పట్టి ఫిర్ మొక్కలు ఇంకా ఎక్కువ చచ్చిపోయాయి.

అంటే మట్టి కింద ఏదో జరుగుతోంది. చెట్ల వేళ్ళకి అంటుకుని మైకోరైజా ఫంగస్ ఉంటుంది, దారాల్లాంటి సన్నటి పోగులు వేళ్ళు చేరలేని సందుల్లోకి కూడా వెళ్ళి నీళ్ళు, ఫాస్ఫరస్, నైట్రోజన్ తెచ్చి చెట్టుకిస్తాయి, బదులుగా చెట్టు ఆకుల్లో తయారైన చక్కెర తీసుకుంటాయి. ఒకే ఫంగస్ రెండు చెట్ల వేళ్ళకి అంటుకుంటే? బ్రిటన్‌లో డేవిడ్ రీడ్ బృందం 1980లలోనే ల్యాబ్‌లో ఒక పైన్ మొక్క నుంచి ఇంకోదానికి కార్బన్ వెళ్ళడం చూపించింది. మరి నిజం అడవిలో కూడా అలాగే వెళ్తుందా?

సిమార్డ్ బర్చ్, డగ్లస్ ఫిర్, వెస్టర్న్ రెడ్ సీడర్ మూడూ పక్కపక్కనే నాటారు. బర్చ్‌కీ ఫిర్‌కీ ప్లాస్టిక్ సంచులు తొడిగి ఒకదానికి కార్బన్ 14, ఇంకోదానికి కార్బన్ 13 ఉన్న కార్బన్ డయాక్సైడ్ సిరంజితో ఎక్కించారు. ఇవి మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకాలు, ఎక్కడికి వెళ్ళినా విడివిడిగా కనిపెట్టొచ్చు. రెండు రకాలు ఎందుకంటే, ఒక్కటే వాడితే ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత వెళ్ళిందో తెలుస్తుంది కానీ అక్కణ్ణుంచి ఎంత తిరిగొచ్చిందో తెలీదు, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ పోను చివరికి ఎవరికి మిగిలిందన్నదే కదా అసలు ప్రశ్న. కార్బన్ రెండు వైపులా కదిలింది, కానీ నికరంగా లాభపడింది ఫిర్. అది సొంతంగా కిరణజన్య సంయోగక్రియతో పట్టుకున్న దాంట్లో సగటున 6 శాతమంత అదనంగా అందింది. ఫిర్ మీద నీడ ఎక్కువ చేస్తే వచ్చేది కూడా పెరిగింది. నీడలో ఉన్న మొక్క చక్కెర తక్కువ చేస్తుంది, అందుకే ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి లాగుతుంది, దీనికి దయాగుణం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ మూడోది, సీడర్. దాని వేళ్ళకి పట్టే ఫంగస్ వేరే జాతి, బర్చ్, ఫిర్‌ల ఫంగస్‌తో కలవదు. ఉన్నది మాత్రం అదే మట్టిలో, తాగేది అవే నీళ్ళు. కాబట్టి వేళ్ళ నుంచి కారి మట్టిలోంచి కార్బన్ పాకుతుంటే సీడర్‌కి కూడా అందాలి. అందింది, కానీ కొంచెమే. అంటే మట్టిదారి కూడా ఉంది, కానీ ఎక్కువ భాగం ఫంగస్ దారిలోనే వెళ్ళి ఉండాలి. నాకు ఈ పేపర్ మీద నమ్మకం కలిగింది ఇక్కడే, తను అనుకున్నది తప్పేమో చూపించగల సాక్షిని తనే పక్కన నాటుకున్నారు.

1997లో నేచర్ పత్రిక దీన్ని వుడ్ వైడ్ వెబ్ (అంటే చెట్ల ఇంటర్నెట్) అంటూ కవర్ మీద వేసింది. తర్వాత ఆవిడ బృందమే 30 మీటర్ల పొడవూ 30 మీటర్ల వెడల్పూ ఉన్న ఫిర్ అడవి ముక్కలో ఫంగస్ ఏ చెట్లకి ఉందో డీఎన్ఏతో మ్యాప్ గీసి 2010లో ప్రచురించింది, అందులో ఒక్క చెట్టుకే 47 చెట్లతో లంకె కనపడింది. 2021లో ఆవిడ పుస్తకం వచ్చింది, తల్లి చెట్టు అనే మాట ప్రపంచమంతా పాకింది. అక్కడే సీడర్ కథలోంచి జారిపోయిందని నా బాధ.

2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా అనే శాస్త్రవేత్తలు ఇలాంటి పరిశోధనలన్నిటి మీద ఒక సమీక్ష రాశారు. వీళ్ళలో మెలనీ జోన్స్ 1997 పేపర్‌లో సహరచయిత, అంటే సొంత పనినే మళ్ళీ తిరగేసి చూసుకున్నారు, నాకు దానిమీద చాలా గౌరవం. వాళ్ళు చెప్పింది ఏంటంటే ఇలాంటి మ్యాపులు ఉన్నది చాలా కొద్ది అడవులకే, కార్బన్ మట్టిదారిలో వెళ్ళే అవకాశాన్ని ఫీల్డ్ ప్రయోగాలు పూర్తిగా కొట్టిపారేయలేదు, ఇక పెద్ద చెట్టు తన పిల్లల్ని గుర్తుపట్టి వాటికే ఎక్కువ పంపుతుంది అనడానికి అడవిలో చేసిన ప్రయోగాల ఆధారమే లేదు. సిమార్డ్ మాత్రం తన పని మీద గట్టిగానే నిలబడ్డారు.

తేల్చుకునే పద్ధతులు ఆవిడ బృందం దగ్గర కూడా ఉన్నాయి. మొక్క చుట్టూ సన్నటి మెష్ సంచి పెట్టి నాటుతారు, 35 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) రంధ్రాలైతే వేళ్ళు ఆగిపోయి ఫంగస్ పోగులు దాటుతాయి, అర మైక్రాన్ అయితే పోగులు కూడా ఆగిపోయి నీళ్ళూ వాటిలో కరిగినవీ మాత్రమే దాటుతాయి. రెండు సంచుల్లో మొక్కలకీ ఎంత తేడా ఉందో చూడటమే, సీడర్ చేసిన పనినే ఇప్పుడు ఆ మెష్ చేస్తోంది.