ఆ అప్‌గ్రేడ్ కొనే ముందు మీ పాటే వాయించి చూడండి

పిల్లలూ,

మీ దగ్గరున్న, మినీమూగ్ అనే పాత కీబోర్డ్ సింథసైజర్‌ని కంప్యూటర్లో పలికించే సాఫ్ట్‌వేర్ సింథ్‌కి కొత్త వెర్షన్ వచ్చిందనీ, పాతది కొన్నవాళ్ళకి తక్కువ ధరకి ఇస్తున్నారనీ, కొత్తది “ఇంకా అచ్చంగా అనలాగ్‌లా”, అంటే ఆ పాత పెట్టెలోని సర్క్యూట్లలా, ఉంటుందట అనీ పెద్దాడు మెసేజ్ పెట్టాడు. చిన్నదేమో ఆ డబ్బులతో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుందాం అంటోందట. కొనండి, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, కానీ వచ్చే ఏడాది ఇంకో వెర్షన్ వస్తుంది, మళ్ళీ ఈ పంచాయితీ నా దగ్గరికే వస్తుంది. అందుకని మీకు మీరే తేల్చుకునేలా రాస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

ముందు ఆ “అచ్చంగా” సంగతి. దేనికి అచ్చంగా? మినీమూగ్ మోడల్ డి 1970లో అమెరికాలో బాబ్ మూగ్ కంపెనీ నుంచి వచ్చింది, 1981 దాకా తయారైంది. ఆ మధ్యలో లోపల స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ బోర్డునే మార్చేశారు. మొదట్లోవి శృతి జారిపోతూ ఉండేవి, తర్వాతవి కాస్త నిలకడగా ఉండేవి. ఇప్పుడు ఆ జారే బోర్డులున్న వాటినే వెతుక్కుంటూ తిరిగేవాళ్ళున్నారు, అదో సరదా. ప్రాఫెట్-5 అనే ఇంకో సింథ్ సంగతి మరీను. 1978లో డేవ్ స్మిత్ కంపెనీ దాన్ని తెచ్చినప్పుడు లోపల ఉన్నవి ఎస్‌ఎస్‌ఎమ్ అనే కంపెనీ చిప్పులు, రివిజన్ 3 అనే మూడో రూపం నుంచి కర్టిస్ కంపెనీవి, రెండింటి ఫిల్టర్ (శబ్దంలో పై భాగాన్ని కత్తిరించేది) గొంతూ ఒకటి కాదు. ఏది గొప్పదని జనం దశాబ్దాలపాటు వాదించుకున్నాక, 2020లో దాన్ని మళ్ళీ తయారు చేసినప్పుడు ఆయనే రెండు రకాల ఫిల్టర్లూ పెట్టి, పాతబడ్డ యంత్రంలా ఎంత తేడాగా పలకాలో మీరే తిప్పుకోండని ‘వింటేజ్’ అని ఒక నాబ్ కూడా ఇచ్చేశాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మోడల్ చేసేది తమ బల్ల మీదున్న ఏదో ఒక పెట్టెని. పాత వెర్షన్‌కి ఒకదాన్ని, కొత్త వెర్షన్‌కి ఇంకోదాన్ని కొలిచి ఉండొచ్చు. అప్పుడు రెండూ వేరుగానే వినపడతాయి, అంతమాత్రాన కొత్తదే నిజం, పాతది అబద్ధం అయిపోదు. అసలు మనింట్లో మినీమూగ్‌ని ముట్టుకున్నవాళ్ళెవరు? ఆర్కెస్ట్రాల్లో తిరిగినన్నాళ్ళూ నా చేతి కింద ఉన్నవి డిజిటల్ కీబోర్డులే. కాబట్టి “అచ్చంగా ఉందా” అనే ప్రశ్నని పక్కన పెట్టండి, మనం తేల్చగలిగేది కాదు. పాతదాన్లో మన పాటకి అడ్డొస్తున్నదేంటి, కొత్తదాన్లో అది పోయిందా, ఇవి మాత్రం తేల్చగలం.

లోపల నిజంగా మారేవి కొన్నే. మొదటిది అలియాసింగ్. కంప్యూటర్ ధ్వనిని సెకనుకి 44,100 అంకెలుగా రాస్తుంది అనుకోండి, అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ దాటిన శబ్దం ఆ అంకెల్లో ఇమడదు. ఇమడకపోతే ఊరుకుంటే బాగుండేది, ఊరుకోదు, మడత పడి కింద ఇంకెక్కడో పలుకుతుంది. సినిమాలో జీపు ముందుకి పోతుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి చూడండి, అదే ఇది. కాగితం మీద లెక్క వేయండి. రంపపు పళ్ళలాంటి సాటూత్ వేవ్‌లో 5,000 హెర్ట్జ్ స్వరం, పియానో చివరి మెట్టు కన్నా కొంచెం పైన, వాయించారనుకుందాం. దానికి 10,000, 15,000, 20,000 అలా పైకి హార్మోనిక్స్, అంటే దాంతోపాటే పలికే పై ధ్వనులు, ఉంటాయి. 25,000 దగ్గరుండాల్సింది 44,100 లోంచి పోగా 19,100 దగ్గర పలుకుతుంది. 40,000ది 4,100 దగ్గర పలుకుతుంది. 45,000ది ఏకంగా 900 దగ్గరికి దిగిపోతుంది. మీరు వాయించిన స్వరానికీ ఈ 900కీ ఏ చుట్టరికమూ లేదు, ఉత్త అపస్వరం.

మామూలు ఆసిలేటర్ దగ్గర దీన్ని అణిచే పద్ధతులు ఎప్పుడో వచ్చేశాయి, మీ పాత వెర్షన్‌లోనూ ఉండే ఉంటాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మిక్సర్ బాగా పెంచి ఫిల్టర్‌లో శబ్దాన్ని చితికేలా డిస్టార్ట్ చేసినప్పుడు, మూడో ఆసిలేటర్‌తో ఫిల్టర్‌నో మిగతా ఆసిలేటర్లనో గట్టిగా ఊపినప్పుడు, లోపలే కొత్త హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి, అవి మడత పడతాయి. దీనికి మందు ఓవర్‌శాంప్లింగ్. అంటే లోపల రెండింతలో నాలుగింతలో ఎక్కువ వేగంతో లెక్క చేసి, పైన మిగిలింది కత్తిరించి, మనకి మామూలు రేటులో ఇవ్వడం. కొత్త వెర్షన్లలో చాలాసార్లు మెరుగయ్యేది ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు చేసేవి జానపదం పాటలు, లీడ్ (పాటలో ముందుండి వినపడే వాద్యం) అంతా నాదస్వరం లాగా జారుతూ ఊగుతూ పోతుంది. నిలబడిన కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాలు), ప్యాడ్లు వాయించేవాళ్ళకి ఈ అపస్వరం ఎక్కడో కలిసిపోతుంది, పెద్దగా తెలీదు. జారుడు స్వరంలో మాత్రం దొరికిపోతుంది, ఎందుకంటే స్వరం పైకి పోతుంటే మడత పడ్డవాటిలో చాలా కిందికి దిగుతాయి. కాబట్టి డెమోలోని ప్రీసెట్లు (ముందే తయారుచేసి ఇచ్చిన శబ్దాలు) వింటూ కూర్చోకండి. మీ లీడ్ పాచ్ (మీరు చేసుకున్న శబ్దం అమరిక) పెట్టి, డ్రైవ్ పెంచి, పై స్థాయిలో ఒక స్వరం పట్టుకుని, తోడిలో గాంధారాన్ని ఊపినట్టు పిచ్ బెండ్‌తో నిదానంగా ఊపండి. వెనకాల సన్నగా ఈల లాంటిది ఎదురు దిక్కులో కదులుతూ వినపడిందా, అది అలియాసింగ్. పాతదాన్లో వినపడి కొత్తదాన్లో వినపడకపోతే మీ డబ్బుకి ఒక కారణం దొరికినట్టే. రెంట్లోనూ వినపడకపోతే ఈ కారణం కొట్టేయండి.

(ఈ యంత్రాలతో రాగాలేంటి అని ఎవరైనా నవ్వితే, 1982లోనే బొంబాయిలో సెషన్ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 అనే సింథ్, బేస్, డ్రమ్ యంత్రాలు పెట్టుకుని రాగాలతో ఒక ఆల్బమ్ చేశాడని చెప్పండి. ఆ 303లో స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉంది. బేస్ గిటార్‌కి బదులుగా తోడు వాయించడానికి చేసిన పెట్టెను ఆయన ఎక్కడికి తీసుకుపోయాడో విని చూడండి.)

రెండోది కటాఫ్ నాబ్, ఫిల్టర్ ఎక్కడి నుంచి కత్తిరించాలో చెప్పేది. మీ చిన్న కీబోర్డ్ మీది నాబ్ మిడిలో (కీబోర్డ్ కంప్యూటర్‌తో మాట్లాడే భాషలో) పంపేది సున్నా నుంచి 127 దాకా అంకెలు, అంతే. ఫిల్టర్ తిరగాల్సింది 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా, దగ్గర దగ్గర పది స్థాయిలు, అంటే 120 మెట్లు. లెక్క వేస్తే నాబ్ ఒక్క అంకె కదిలితే ఫిల్టర్ దాదాపు పక్క మెట్టుకి గెంతుతుంది. రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర శబ్దాన్ని ఉబ్బించేది) పెంచి నెమ్మదిగా తిప్పండి, జారినట్టు కాకుండా మెట్లు దిగినట్టు టకటక వినపడితే ఆ సింథ్ లోపల ఆ గెంతుల్ని సాఫు చేయడం లేదన్నమాట. మంచి సింథ్‌లు చేస్తాయి. పాతది చేస్తోందో లేదో చూడటానికి అరనిమిషం చాలు.

మూడోది ఫిల్టర్ గుండెకాయ. మినీమూగ్‌లో ఉండే ల్యాడర్ ఫిల్టర్‌లో బయటికొచ్చిన శబ్దం వెంటనే మళ్ళీ లోపలికి పోతుంది, రెజొనెన్స్ పుట్టేది అందులోంచే. పాత తరం సాఫ్ట్‌వేర్‌లో ఆ తిరిగొచ్చేది ఒక శాంపిల్ ఆలస్యంగా వచ్చేది. ఒక శాంపిల్ అంటే సెకనులో 44,100వ వంతే, కానీ కటాఫ్ పైకి పోయేకొద్దీ ఆ ఆలస్యమే శృతిని తప్పిస్తుంది, రెజొనెన్స్ స్వభావాన్ని మారుస్తుంది. దాన్ని తీసేసి, అదే శాంపిల్‌లో సమీకరణం సాధించి జవాబు తెచ్చే పద్ధతిని జీరో డిలే ఫీడ్‌బ్యాక్ అంటారు. బెర్లిన్‌లోని యు-హీ కంపెనీ 2011లో తెచ్చిన దివా దీనితోనే పేరు తెచ్చుకుంది, దాంతోపాటే సీపీయూని నమిలేస్తుందన్న పేరు కూడా. అందుకే అందులో డ్రాఫ్ట్, ఫాస్ట్, గ్రేట్, డివైన్ అని నాలుగు నాణ్యతలు పెట్టారు, వాయించేటప్పుడు ఒకటి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఇంకోటి వాడుకునే వీలుంది. మీ కొత్త వెర్షన్‌లో ఇలాంటి స్విచ్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీ లాప్‌టాప్‌లో, డ్రమ్స్ ట్రాకులూ కోరస్ గొంతులూ అన్నీ తెరిచున్న మీ నిజం ప్రాజెక్టులో, రెండు మూడు ట్రాకుల మీద ఆ సింథ్ పెట్టి ప్లే కొట్టండి. ఖాళీ ప్రాజెక్టులో ఏదైనా బాగానే నడుస్తుంది. శబ్దం తెగుతూ చిటపటలాడితే బఫర్ (శబ్దాన్ని ముందే లెక్కించి నిల్వ ఉంచే చోటు) పెంచుతారు, బఫర్ పెంచితే మెట్టు నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంది, దాంతో వాయించే సరదానే పోతుంది.

మిగతా హంగులు, అంటే వందల కొద్దీ ప్రీసెట్లు, పెద్ద స్క్రీన్, కొత్త రంగులు, పక్కన అంటించిన రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వనులు, వీటికోసం ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. రివర్బ్ మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలాగూ ఉంది.

పోల్చేటప్పుడు ఒక్కటి మరిచిపోకండి, సౌండ్ లెవెల్. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవికి అదే “నిండుగా, వెచ్చగా” అనిపిస్తుంది. కొత్త వెర్షన్లు తరచూ కాస్త గట్టిగానే పలుకుతాయి, కావాలని చేస్తారని అనను గానీ జరుగుతుంది. మీటర్ చూసి రెండింటినీ సమం చేయండి. అదే మిడి, అదే పాచ్ పెట్టి రెండు వావ్ ఫైళ్ళు తీయండి, పేర్లు కనపడకుండా ఒకరు వాయించండి, రెండోవాళ్ళు కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పండి. ఒకసారి కుదిరితే అదృష్టం కావచ్చు, వరసగా కుదిరితే తేడా ఉన్నట్టే. రెండు ఫైళ్ళూ ఒకటేనైతే, ఒకదాని తరంగాన్ని తిరగేసి రెంటినీ కలిపితే నిశ్శబ్దం రావాలని ఎవరో చెప్పారన్నావు కదరా, అది ఇక్కడ పనికిరాదు. అనలాగ్ మోడల్‌లో ఆసిలేటర్లు వాటి మానాన అవి తిరుగుతుంటాయి, స్వరం ప్రతిసారీ వేరే చోట మొదలవుతుంది. ఒకే వెర్షన్‌ని రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి కలిపినా నిశ్శబ్దం రాదు.

ఇక ఇవేవీ చూడకుండా కొనక తప్పని సందర్భాలు కొన్ని ఉంటాయి. 2019లో ఆపిల్ మాక్ సిస్టమ్ కొత్త రూపం కాటలీనా వచ్చినప్పుడు 32-బిట్ ప్లగిన్లన్నీ (మీ సింథ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో పాత రకాలు) మాక్‌లో ఒక్కసారిగా ఆగిపోయాయి. 2020 చివర్లో ఆపిల్ సొంత చిప్పులొచ్చాక ఇంటెల్ కోసం రాసినవి రోసెటా అనే అనువాదక సాఫ్ట్‌వేర్ మీద బండి లాగాల్సి వచ్చింది. 2022లో ప్లగిన్ల ప్రమాణం తయారుచేసిన స్టైన్‌బర్గ్ వాళ్ళు దాని పాత రూపం వీఎస్‌టీ 2ని వదిలేస్తున్నామని ప్రకటించారు. మీ పాత సింథ్ వీటిలో దేంట్లోనైనా ఇరుక్కుని ఉండి, మీరు కంప్యూటర్ మార్చబోతుంటే, అప్పుడు కొనేది శబ్దం కోసం కాదు, పాత పాటలు తెరుచుకోవడం కోసం. అదీ న్యాయమైన కారణమే. మీ లాప్‌టాప్ విండోస్‌ది, ఇంకా రెండేళ్ళు మార్చం అంటున్నారు కాబట్టి ఇప్పటికి ఆ టెన్షన్ లేదు.

కొన్నా కొనకపోయినా ఒక పని మాత్రం ఈ రాత్రికే చేయండి. పూర్తయిన పాటలన్నింట్లో ఆ సింథ్ ట్రాకుల్ని విడివిడిగా ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసి, మిడి ట్రాకుని తీసేయకుండా మ్యూట్ చేసి ఉంచండి. కొత్త వెర్షన్ పాత ప్రీసెట్‌ని తెరుస్తుంది, తెరిచినా అదే గొంతుతో పాడుతుందన్న హామీ లేదు, ఫిల్టర్ మారాక కటాఫ్ అదే అంకె మీదున్నా పలికేది వేరు. చాలా కంపెనీలు కొత్తదాన్ని వేరే ప్లగిన్‌గా పక్కన పెడతాయి, అలాగైతే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు, దాని ఇన్‌స్టాలర్ ఫైల్‌ని కూడా ఒక పెన్‌డ్రైవ్‌లో పడేయండి. తర్వాత కంపెనీ సైట్లో అది దొరకకపోవచ్చు.

డబ్బు విషయానికొస్తే, యూరోల్లో కనపడే ధర మీద కార్డు వాళ్ళ ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి, అదంతా కలుపుకునే పోల్చండి. ఆఫర్ అయిపోతుందని కంగారు అక్కర్లేదు, నవంబరులో బ్లాక్ ఫ్రైడే ఉంటుంది, ఈ వ్యాపారంలో పూర్తి ధర పెట్టి కొనేది తొందరపడ్డవాళ్ళే. ఈలోగా సర్జ్ దించుకోండి. అది ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన సింథ్, 2018లో దాన్ని రాసినాయన సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేశాడు, ఇప్పుడు సర్జ్ ఎక్స్‌టీ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. మినీమూగ్‌కి నకలు కాదు గానీ ల్యాడర్ ఫిల్టర్ ఉంది, మీ లీడ్‌కి సరిపోతుందేమో చూడండి.

నా ఉద్దేశం అడిగితే, మీరు పంపిన పాటల్లో నాకు అడ్డంగా తోచింది సింథ్ కాదు, బేస్ ఎక్కువైపోయి గొంతు మునిగిపోవడం. అది సరిగా వినపడని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిక్స్ చేస్తున్నారు. కాబట్టి ప్రస్తుతానికి నా ఓటు చిన్నదానికే. అయినా ఆ తోడి గాంధారం పరీక్ష చేసి, రెండు వావ్ ఫైళ్ళు ఒకటి, రెండు అని పేర్లు పెట్టి నాకూ పంపండి, ఏది ఏదో రాయొద్దు. ఫిల్టర్ సంగతి నేను చెబుతాను. ఆ సన్నటి ఈల సంగతి మాత్రం చిన్నదాని చెవే నమ్ముకోండి, ఈ వయసులో పై సౌండ్లు నాకు సగం వినపడవు.

మీ పెదనాన్న