ఆముదం పోయి ఆల్బుమిన్ వచ్చింది: ఖరీదైన కీమో వెనక కథ

"ఆల్బుమిన్‌ది రాయమంటారా, మామూలుదా?" తిరుపతిలో క్యాన్సర్ వార్డుల వరండాల్లో ఈ ప్రశ్న మళ్లీ రాజుకుంది. రెండింట్లోనూ ఉండేది పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందే. ధరలో మాత్రం తేడా. ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ మందును నేరుగా గడ్డలో దించుతుందని విని, చిత్తూరు పల్లెల నుంచి వచ్చినవాళ్లు అప్పుకైనా సిద్ధపడుతున్నారు.

ఈ మందు మొదట యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన కథ చాలామంది విన్నదే. అసలు చిక్కల్లా ఆ మందు నీళ్లలో కరగకపోవడం. కరిగించడానికి ఆల్కహాల్‌తో పాటు ఆముదం నుంచి తయారైన క్రెమోఫోర్ వాడారు. మన శనక్కాయ చేల గట్ల మీద కాసే ఆముదమే, రసాయనికంగా మార్చింది. అది పడనివాళ్లకు దద్దుర్లు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకే ముందు డెక్సా అనే స్టెరాయిడ్, అలర్జీకి ఎవిల్ లాంటివిచ్చి, మూడు గంటలు చుక్కచుక్కగా ఎక్కిస్తారు.

2005 జనవరిలో అమెరికా అనుమతించిన అబ్రాక్సేన్ ఆ నూనెనే తీసేసింది. నా దృష్టిలో మలుపు ఇదే. మందుకు మనిషి ఆల్బుమిన్‌ను జోడించి సుమారు 130 నానోమీటర్ల రేణువులు చేశారు. నర్సు సెలైన్‌ను సీసా గోడ వెంబడి మెల్లగా వదులుతుంది, గబగబా కుదిపితే నురగ కడుతుంది. సీసాలోని పొడి సెలైన్‌లో కలిసి పాలలా మారాక అరగంటలో ఎక్కిపోతుంది. నూనె బెడద లేక డోసు ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 175 నుంచి 260 మిల్లీగ్రాములకు పెరిగింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో పాత మందుకు 19 శాతం మందిలో గడ్డ తగ్గితే, దీనికి 33 శాతం మందిలో తగ్గింది. 2008లో బయోకాన్ దీన్ని మన దేశంలోకి తెచ్చింది.

గడ్డను వెతుక్కుంటూ వెళ్తుందన్న మాటకూ ఆధారం లేకపోలేదు. రక్త ప్రొటీన్లు గడ్డల్లోకి ఊరి అక్కడే నిలుస్తాయని 1986లో జపాన్‌లో మత్సుమురా, మయెదా చూపారు. కానీ స్పార్క్ అనే ప్రొటీన్ ఎక్కువున్న గడ్డల్లో ఇది మరింత పనిచేస్తుందన్న ఆశ పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ రోగుల పరీక్షలో నిలవలేదు. రొమ్ము క్యాన్సర్‌లో వారం వారం ఇచ్చి పోల్చిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. పాతదాని కంటే ఇది మెరుగని తేలలేదు. పైగా కాలి చెప్పు జారినా తెలియనంత తిమ్మిర్లు దీనితోనే ఎక్కువ.

అప్పు చేసే ఇంటికి ఈ సంగతి ముందే చెప్పాలి. నూనె పడనివాళ్ల విషయం వేరు, డెక్సాతో షుగర్ అదుపు తప్పేవాళ్లకూ దీని అవసరం ఉండొచ్చు. పాంక్రియాస్ క్యాన్సర్‌లో జెమ్‌సిటబిన్ అనే మరో కీమో మందుకు దీన్ని తోడు చేసినప్పుడు 861 మందిపై జరిగిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 6.7 నుంచి 8.5 నెలలకు పెరిగింది. అక్కడ పోల్చింది జెమ్‌సిటబిన్ ఒక్కదానితోనే, మామూలు పాక్లిటాక్సెల్‌తో కాదు.